తుపాకీ పెట్టె ఎంపిక: ఉక్కు, నిప్పు, తేమ, తాళం వెనుక విజ్ఞానం

అమెరికాలో చాలా ఇళ్లలో తుపాకులు ఉంటాయి. వేటకు ఒకటి, గురి పోటీలకు ఒకటి, తాతల నాటిది మరొకటి. ఏళ్లు గడిచేకొద్దీ వాటి సంఖ్య పెరుగుతుంది. అల్మారా మూలలో నిలబెట్టినవాటిని ఏదో ఒక రోజు గట్టి పెట్టెలోకి మార్చక తప్పదు. అక్కడ దాన్ని గన్ సేఫ్ అంటారు. మన భాషలో చెప్పాలంటే ఇనప్పెట్టె. వేట, గురి క్రీడల మీద ఆసక్తి ఉన్న అక్కడి తెలుగువారికీ ఏ పెట్టె కొనాలన్న ప్రశ్న ఎదురవుతుంది.

మన దేశంలో పరిస్థితి వేరు. 1959 నాటి ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం లైసెన్సు పొందిన వ్యక్తి గరిష్ఠంగా రెండు తుపాకులే ఉంచుకోవచ్చు. అంతకుముందు ఆ పరిమితి మూడు. క్రీడాకారులకు వేరే పరిమితులు ఉన్నాయి. అందువల్ల ‘పెరిగే సేకరణ’ ప్రధానంగా అమెరికా ఇళ్ల సమస్యే. అయితే ఉక్కు ఎలా వంగుతుంది, మంటను ఏది ఆపుతుంది, తేమ ఎక్కడ తుప్పుగా మారుతుంది అన్న సంగతులు ఎక్కడైనా ఒకటే. నగలకు, దస్తావేజులకు ఇనప్పెట్టె కొనేవారికీ ఈ పాఠం పనికొస్తుంది.

ముందు ఎవరి నుంచి కాపాడాలి?

ఇనప్పెట్టె అనగానే దొంగ గుర్తుకొస్తాడు. తుపాకీ విషయంలో మొదట ఆలోచించాల్సింది ఇంట్లోవాళ్ల గురించి. అమెరికాలో 2021లో తుపాకుల వల్ల 48,830 మంది చనిపోయారు. అందులో 26,328 ఆత్మహత్యలు, అంటే సగానికి పైగా. పిల్లలు ఆడుకుంటూ పేల్చుకున్న ప్రమాదాలు వీటికి అదనం.

తాళం నిజంగా ప్రాణాలు కాపాడుతుందా? 2005లో ‘జామా’ వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఈ ప్రశ్నను పరిశీలించింది. తుపాకీకి తాళం వేయడం, తూటాలు తీసి ఉంచడం, తూటాలకు తాళం వేయడం, వాటిని వేరేచోట పెట్టడం అనే నాలుగు అలవాట్లను విడివిడిగా చూసింది. పిల్లలు, కౌమార వయసువారి ఆత్మహత్యలు, ప్రమాదవశాత్తు గాయాల ముప్పు తక్కువగా ఉండటంతో ఈ నాలుగింటికీ సంబంధం కనిపించింది.

ఇజ్రాయెల్ సైన్యం అనుభవమూ ఇదే చెబుతుంది. వారాంతపు సెలవుకు ఇంటికి వెళ్లే యువ సైనికులు తుపాకీ తీసుకెళ్లకూడదని 2006లో అక్కడ నియమం పెట్టారు. ఆ తర్వాత వారిలో ఆత్మహత్యల రేటు సుమారు 40 శాతం తగ్గింది. ఆ తగ్గుదల దాదాపు అంతా వారాంతాల్లోనే కనిపించింది. ప్రాణం తీసుకోవాలన్న తీవ్రమైన ఆవేశం చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. ఆ కొద్దిసేపు ఆయుధం చేతికి అందకపోతే మనిషి బతికి బయటపడే అవకాశం ఎక్కువ.

అందువల్ల పెట్టె ధర, మందం చూసే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: దాన్ని తెరవగలిగేది ఎవరు? ఇంట్లో ఎవరైనా మానసికంగా కుంగిపోయి ఉంటే తాళం సంఖ్య వారికి తెలియకూడదు. అవసరమైతే తుపాకులను కొంతకాలం ఇంటి బయట, చట్టం అనుమతించే చోట భద్రపరచాలి. అలాంటి ఇబ్బందిలో ఉన్నవారు మన దేశంలో 14416 నంబరులో టెలీ మానస్‌కు, అమెరికాలో 988కు ఫోన్ చేయవచ్చు.

ఉక్కు మందం: చిన్న తేడా, పెద్ద ఫలితం

అమెరికా దుకాణాల్లో రేకు మందాన్ని ‘గేజ్’ లెక్కలో చెబుతారు. ఈ లెక్కలో సంఖ్య పెరిగేకొద్దీ రేకు పలచబడుతుంది. 14 గేజ్ అంటే 1.9 మి.మీ., 12 గేజ్ అంటే 2.66 మి.మీ., 10 గేజ్ అంటే 3.42 మి.మీ. మన ఇళ్లలోని మామూలు బీరువా రేకు ఒక మిల్లీమీటరు లోపే ఉంటుంది.

1.9కీ 2.66కీ తేడా ముప్పాతిక మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. కానీ ఒక పలకను వంచడానికి కావలసిన బలం దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. మందం రెట్టింపైతే వంగకుండా నిలిచే గుణం ఎనిమిది రెట్లవుతుంది. ఈ లెక్కన 14 గేజ్ కంటే 12 గేజ్ రేకు సుమారు 2.7 రెట్లు, 10 గేజ్ రేకు సుమారు 5.8 రెట్లు బిరుసుగా ఉంటుంది. తలుపు అంచులో పలుగు దూర్చి తెరవాలని చూసే దొంగను ఆపేది ఈ బిరుసుతనమే. తలుపు ఎంత మందంగా ఉన్నా, అది ఆనుకునే చట్రం పలచటి రేకైతే చట్రమే వంగి తలుపు విడిపోతుంది. అందుకే తలుపు మందంతో పాటు పక్కల రేకు మందమూ అడగాలి.

పెట్టె మీద ఉండే ధ్రువీకరణ ముద్రను అర్థం చేసుకోవాలి. అమెరికాలో యూఎల్ సంస్థ ఇచ్చే ‘రెసిడెన్షియల్ సెక్యూరిటీ కంటైనర్’ ముద్రలో మొదటి స్థాయికి అర్థం ఇది: ఒక మనిషి చిన్న చేతి పనిముట్లతో 5 నిమిషాలు ప్రయత్నించినా పెట్టె తెరుచుకోలేదు. ఆ 5 నిమిషాల్లో పనిముట్టు పెట్టెను తాకుతున్న సమయాన్నే లెక్కిస్తారు. ఊపిరి పీల్చుకునే విరామం అందులోకి రాదు. దీనికంటే పైన టీఎల్-15, టీఎల్-30 స్థాయిలు ఉన్నాయి. వాటిలో విద్యుత్ పనిముట్లతో తలుపు మీద 15 లేదా 30 నిమిషాలు దాడి చేసి పరీక్షిస్తారు. ఇళ్లకు అమ్మే తుపాకీ పెట్టెల్లో ఎక్కువ భాగం మొదటి రకానివే. ఉక్కు కోసే గ్రైండరు తెచ్చుకున్న దొంగకు వాటి పక్క రేకు కోయడం కొద్ది నిమిషాల పని. అంటే మామూలు పెట్టె దొంగకు కొంత ఆలస్యం కలిగిస్తుంది, అంతే. ఆ ఆలస్యానికి ఇంటి అలారం తోడైతేనే పూర్తి ప్రయోజనం ఉంటుంది.

మన దేశంలో ఇనప్పెట్టెలకు భారతీయ ప్రమాణాల సంస్థ రూపొందించిన ఐఎస్ 550 ప్రమాణం ఉంది. ఇక్కడ కొనేవారు దాని గురించి అడగాలి.

నిప్పును ఆపేది నీరు

ఉక్కు ఒక్కటే మంటను ఆపలేదు. అది వేడిని చక్కగా లోపలికి పంపిస్తుంది. పెట్టె గోడల్లో ఉండే జిప్సం అసలు పని చేస్తుంది. ఫాల్స్ సీలింగ్‌కు వాడే బోర్డులో ఉండేదీ ఇదే పదార్థం. జిప్సం స్ఫటికంలో ఒక్కో కాల్షియం సల్ఫేట్‌కు రెండు నీటి అణువులు బంధించి ఉంటాయి. బరువులో చూస్తే సుమారు 21 శాతం నీరే. చేత్తో తాకితే పొడిగా ఉండే బోర్డులో అయిదో వంతు నీరన్నమాట.

మంట తగిలినప్పుడు ఆ నీరు విడిపోయి ఆవిరవుతుంది. కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,257 కిలోజౌళ్ల వేడి కావాలి. పొయ్యి మీది గిన్నెలో నీళ్లున్నంతసేపు గిన్నె మాడదని అందరికీ తెలుసు. ఇక్కడ జరిగేదీ అదే. జిప్సంలో నీరు మిగిలి ఉన్నంతవరకు దాని వెనుక వేడి నెమ్మదిగానే పెరుగుతుంది.

ఒక లెక్క చూద్దాం. 150 సెం.మీ. ఎత్తు, 75 సెం.మీ. వెడల్పు, 60 సెం.మీ. లోతు ఉన్న పెట్టె మొత్తం ఉపరితలం 4.95 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 9 కిలోల బరువుండే జిప్సం బోర్డును లోపల రెండు పొరలు అమరిస్తే సుమారు 89 కిలోలవుతుంది. అందులో దాగిన నీరు దాదాపు 18 నుంచి 19 కిలోలు. అంటే మన ఇళ్లకు వచ్చే 20 లీటర్ల నీళ్ల డబ్బాకు కొంచెం తక్కువ. అదంతా ఆవిరి కావడానికే 42 మెగాజౌళ్ల వేడి కావాలి. ఒకే పొర ఉన్న పెట్టెలో ఈ రక్షణ సగమే.

‘60 నిమిషాల అగ్ని రక్షణ’ అన్న చీటీని ఒక్కటే చూసి నమ్మకూడదు. ఎంత వేడిలో పరీక్షించారో కూడా చూడాలి. యూఎల్ 72 పరీక్షలో ఒక గంట తరగతికి కొలిమి వేడి 927 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. అప్పటికీ పెట్టె లోపల 177 డిగ్రీలు దాటకూడదు. కాగితం మాడకుండా ఉండేందుకు పెట్టిన హద్దు ఇది. తయారీదారులు సొంతంగా చేసుకునే పరీక్షల్లో 649 డిగ్రీల స్థాయి తరచు కనిపిస్తుంది. ఈ రెండింటికీ తేడా పైకి కనిపించేదానికంటే ఎక్కువ. వికిరణం ద్వారా వచ్చే వేడి పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. 927 డిగ్రీల కొలిమి గోడ 649 డిగ్రీల గోడ కంటే దాదాపు 2.9 రెట్ల వేడిని వెదజల్లుతుంది. కాబట్టి రెండు చీటీల మీదా ‘60 నిమిషాలు’ అనే ఉన్నా రక్షణ ఒకటి కాదు.

తలుపు సందు మరో బలహీన స్థానం. వేడి తగిలితే ఉబ్బి సందును మూసేసే పట్టీ తలుపు చుట్టూ ఉందో లేదో చూడాలి.

తూటాలను ఇదే పెట్టెలో ఉంచకపోవడానికి మరో కారణం ఇక్కడే ఉంది. తూటాలోని పొగరాని మందు సుమారు 170 డిగ్రీల దగ్గర అంటుకోగలదు. పరీక్షలో నెగ్గిన పెట్టెలో కూడా అంత వేడి రావచ్చు. విడిగా ఉన్న తూటా వేడికి పేలితే గొట్టం బలం లేనందున గుండు ఎక్కువ వేగం అందుకోదు. తుపాకీలో ఎక్కించి ఉన్న తూటా పేలితే మాత్రం అది అసలైన కాల్పే. మంటలార్పే సిబ్బంది ప్రాణాలకు అది ముప్పు.

మంట ఆరాక కూడా ఒక పని మిగులుతుంది. జిప్సం నుంచి వచ్చిన ఆవిరి పెట్టె లోపలికీ చేరుతుంది. పెట్టె చల్లారాక తెరిచి, తుపాకులను తుడిచి, వెంటనే నూనె రాయాలి. ఆలస్యమైతే మంట నుంచి తప్పించుకున్న లోహాన్ని తుప్పు తినేస్తుంది.

తేమ: కంటికి కనిపించని నష్టం

అగ్నిప్రమాదం జరగకపోవచ్చు. తేమ మాత్రం ఏడాది పొడవునా తన పని తాను చేసుకుపోతుంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 60 శాతం దాటితే ఇనుము తుప్పు పట్టే వేగం బాగా పెరుగుతుంది. చేతి చెమటలోని ఉప్పు దీన్ని మరింత చెడగొడుతుంది. మామూలు ఉప్పు 75 శాతం ఆర్ద్రత దగ్గర గాలిలోని నీటిని పీల్చుకుని కరిగిపోతుంది. వేలిముద్ర ఆకారంలోనే తుప్పు మచ్చలు పడటానికి కారణం ఇదే. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర ప్రాంతాల్లో వానకాలంలో ఆర్ద్రత 80 శాతం దాటడం మామూలే. అమెరికాలో ఫ్లోరిడా, టెక్సాస్ తీరాల్లోనూ అంతే.

దీనికి రెండు ఉపాయాలున్నాయి. అవి పనిచేసే తీరు వేరు. ఒకటి, పెట్టె అడుగున ఉంచే చిన్న విద్యుత్ వేడి కడ్డీ. ఇది నీటిని తీసేయదు. గాలిని కొద్దిగా వేడి చేస్తుంది. వేడి గాలి ఎక్కువ ఆవిరిని ఇముడ్చుకోగలదు కాబట్టి సాపేక్ష ఆర్ద్రత తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర 70 శాతం ఆర్ద్రత ఉన్న గాలిని 28 డిగ్రీలకు వేడి చేస్తే ఆర్ద్రత 59 శాతానికి దిగుతుంది. మూడు డిగ్రీలతోనే ప్రమాద రేఖ దాటి కిందికి వచ్చేస్తాం.

రెండోది సిలికా జెల్. ఇది ఆవిరిని నిజంగానే పీల్చుకుంటుంది. లోపల అర ఘనపు మీటరు చోటున్న పెట్టెలో 30 డిగ్రీల వేడి, 80 శాతం ఆర్ద్రత ఉంటే ఆ గాలిలో ఉండే నీరు 12 గ్రాములే. దాన్ని 50 శాతానికి దించడానికి నాలుగున్నర గ్రాములు తీస్తే చాలు. అరకిలో సిలికా జెల్ వంద గ్రాముల దాకా పీల్చుకోగలదు. మరి కొన్ని వారాలకే అది ఎందుకు నిండిపోతుంది? తలుపు తెరిచిన ప్రతిసారీ కొత్త గాలి వస్తుంది. తీగ కోసం పెట్టిన రంధ్రం నుంచీ వస్తుంది. పైగా లోపల అతికించిన తివాచీ గుడ్డ, తుపాకీ కర్ర భాగం తమలో దాచుకున్న తేమను మెల్లగా వదులుతాయి. అందుకే జెల్‌ను తయారీదారు చెప్పిన పద్ధతిలో వేడిచేసి, ఆరబెట్టి మళ్లీ వాడుతూ ఉండాలి.

తేమ మరీ తగ్గినా మంచిది కాదు. కర్ర భాగం ఎండి పగుళ్లిస్తుంది. 40 నుంచి 50 శాతం మధ్య ఉంచడం మేలు. చిన్న ఆర్ద్రత మాపకం ఒకటి లోపల ఉంచితే ఊహలతో పని ఉండదు. తుపాకీని తోలు ఒరలో పెట్టి దాచకూడదు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, దాన్ని పదును చేయడానికి వాడిన రసాయనాలు లోహాన్ని తింటాయి.

తాళం: లెక్క ఘనం, అలవాటు బలహీనం

ఆరు అంకెల విద్యుత్ తాళానికి 10 లక్షల సంఖ్యలు సాధ్యం. కానీ చాలామంది ఒక తేదీని పెట్టుకుంటారు. రోజు, నెల, సంవత్సరం వరుసలో ఒక శతాబ్దంలోని తేదీలన్నీ కలిపినా సుమారు 36,525. పది లక్షల్లో ఇది నాలుగు శాతం కూడా కాదు. ఇంట్లో పిల్లవాడికైతే అన్ని తేదీలూ అక్కర్లేదు. అమ్మానాన్నల, తోబుట్టువుల పుట్టినరోజులు, పెళ్లిరోజు కలిపి పది ప్రయత్నాలు చాలు. మీటల మీద వేలి జిడ్డు మిగిలినా ప్రమాదమే. ఏ ఆరు వేర్వేరు మీటలు నొక్కారో తెలిస్తే మిగిలే వరుసలు 720 మాత్రమే. కొన్ని తప్పు ప్రయత్నాల తర్వాత కాసేపు మొరాయించే తాళాన్నే ఎంచుకోవాలి. మీటలను అప్పుడప్పుడూ తుడవాలి.

గుండ్రంగా తిప్పే యాంత్రిక తాళంలో వంద అంకెలు, మూడు చక్రాలు ఉంటే కాగితం మీద 10 లక్షల కలయికలు. కానీ ఒక గీత అటూఇటూ అయినా తెరుచుకునే తాళమైతే ఒక్కో చక్రానికి వేర్వేరు స్థానాలు 33 మాత్రమే. మొత్తం సుమారు 36 వేల కలయికలు. అయినా ఒక్కో ప్రయత్నానికి పట్టే సమయం ఎక్కువ కాబట్టి ఇదీ గట్టి తాళమే. దీనికి బ్యాటరీ అక్కర్లేదు. తెరవడానికి మాత్రం ఓపిక కావాలి.

వేలిముద్ర తాళాల్లో జాగ్రత్త అవసరం. 2023 అక్టోబరులో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ సుమారు 61,000 వేలిముద్ర పెట్టెలను వెనక్కి రప్పించింది. యజమాని తన వేలిముద్ర నమోదైందనుకున్నా, అవి ఎవరి వేలు పెట్టినా తెరుచుకునే స్థితిలో ఉండిపోవడమే కారణం. అలాంటి పెట్టెలోని తుపాకీతో 12 ఏళ్ల బాలుడు మరణించాడన్న ఆరోపణ కూడా ఆ ప్రకటనలో ఉంది. వేలిముద్ర పెట్టె కొంటే, నమోదు చేశాక ఇంట్లో మిగతా అందరి వేళ్లతో పరీక్షించి చూడాలి. ఖాళీ పెట్టెతోనే ఈ పరీక్ష చేయాలి.

ఎంత పెద్దది? ఎక్కడ పెట్టాలి?

‘24 తుపాకుల పెట్టె’ అని రాసి ఉంటే అందులో 24 పట్టవు. లోపల 68 సెం.మీ. వెడల్పు, 50 సెం.మీ. లోతు ఉందనుకుందాం. అడుగు భాగం 3,400 చదరపు సెం.మీ. దాన్ని 24తో భాగిస్తే ఒక్కోదానికి 142 వస్తుంది. అంటే 12 సెం.మీ. చదరం. దుర్భిణి బిగించిన రైఫిల్‌కు దాని పిడి, చుట్టూ ఖాళీ కలిపి 11 సెం.మీ. వెడల్పు, 22 సెం.మీ. లోతు కావాలంటే అది 242 చదరపు సెం.మీ. అలాంటివి 14కు మించి పట్టవు. దస్తావేజులకు అరలు, చెయ్యి పెట్టి తీసే చోటు వదిలితే 12. అందుకే చీటీ మీది సంఖ్యలో సగమే అసలు సామర్థ్యం అనుకోవడం మంచిది. ఇప్పుడు అయిదు తుపాకులుండి, మున్ముందు పదవుతాయనుకునేవారు 20కి పైగా రాసి ఉన్న పెట్టెనే చూడాలి. ఇరికించి పెడితే ఒకటి తీయబోయి మరొకటి గీసుకుపోతుంది, ఒకదానికొకటి తగిలిన చోట తేమ నిలుస్తుంది.

బరువు లెక్కా ముఖ్యమే. పైన చెప్పిన పెట్టెకు 12 గేజ్ రేకు ఒక్కటే 103 కిలోలు, జిప్సం 89 కిలోలు. తలుపు బలం, తాళం, లోపలి సామాను కలిపి 290 కిలోలవుతుందనుకుందాం. అది నిలిచే చోటు 0.45 చదరపు మీటర్లే. అంటే చదరపు మీటరుకు సుమారు 640 కిలోలు. ఇంటి నేలను అమెరికాలోనూ మన దేశంలోనూ చదరపు మీటరుకు సుమారు 200 కిలోల విస్తరించిన బరువును లెక్కలోకి తీసుకుని రూపొందిస్తారు. ఇంత చిన్న చోట అంత బరువు పడినంత మాత్రాన నేల కూలిపోదు. చుట్టుపక్కల భాగాలు భారాన్ని పంచుకుంటాయి. కానీ అమెరికాలోని కర్ర దూలాల ఇళ్లలో పై అంతస్తులో పెట్టే ముందు ఇంజినీరును అడగడం తప్పనిసరి. కింది అంతస్తులో కాంక్రీటు నేల మీద, గది మూలలో పెట్టడం అన్ని విధాలా మేలు. నేల దగ్గర మంట వేడి తక్కువ. పైనుంచి కూలి పడే భయమూ ఉండదు. నీళ్లు చేరే చోటైతే ఎత్తు దిమ్మ కట్టాలి.

ఇంత బరువున్న పెట్టెను ఎవరు కదుపుతారులే అనుకోకూడదు. 290 కిలోల పెట్టెను 1.4 మీటర్ల ఎత్తున పట్టి వెనక్కి ఒరిగించడానికి కావలసిన బలం సుమారు 610 న్యూటన్లు. అంటే 62 కిలోల బరువుతో సమానం. ఒక గట్టి మనిషి చేయగల పనే. పెట్టె వెల్లకిలా పడితే దొంగ తన ఒంటి బరువంతా పలుగు మీద వేయగలడు. తలుపు తెరిచి ఉన్నప్పుడు బరువు ముందుకు జరుగుతుంది కాబట్టి పిల్లలు తలుపుకు వేలాడినా ప్రమాదమే. ‘తాళం వేసితిని, గొళ్లెం మరిచితిని’ అన్న సామెత నేలకు బిగించని ఇనప్పెట్టెకు సరిగ్గా సరిపోతుంది. అడుగున ఇచ్చిన రంధ్రాల ద్వారా కాంక్రీటులోకి యాంకర్ బోల్టులు బిగించాకే పెట్టె పని మొదలవుతుంది.

కొనే ముందు అడగాల్సినవి

దుకాణంలో ఈ ప్రశ్నలు వరుసగా అడగండి. పక్కల రేకు ఎన్ని మిల్లీమీటర్లు? ఏ సంస్థ పరీక్షించింది, ఏ స్థాయి ముద్ర ఇచ్చింది? అగ్ని పరీక్ష ఎన్ని డిగ్రీల వరకు, ఎంతసేపు? లోపలి వేడి ఎంత దగ్గర ఆగింది? జిప్సం ఎన్ని పొరలు, తలుపు చుట్టూ ఉబ్బే పట్టీ ఉందా? తప్పు సంఖ్య నొక్కితే తాళం ఎంతసేపు మొరాయిస్తుంది? నేలకు బిగించే రంధ్రాలు ఎన్ని? వేడి కడ్డీకి తీగ దారి ఉందా?

సొమ్ము పరిమితంగా ఉంటే రంగు, మెరుపు, లోపలి దీపాల మీద పెట్టే ఖర్చును రేకు మందం మీద, బోల్టుల మీద పెట్టండి. మిగిలిన దానితో తూటాల కోసం వేరే తాళంతో ఒక చిన్న పెట్టె కొని, దాన్ని మరో గదిలో ఉంచండి. రెండు తాళాల సంఖ్యలు ఒకటే కాకుండా చూడండి.